నాటుకోడి గుడ్లు ఫ్రిజ్ లేకుండా ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి? కడిగి పెట్టాలా, కడగకుండానా?

కడగకండి. మిగతాది చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క మాట పట్టుకుని వెళ్లిపోండి.

మాది ఉద్దానం, మందస వైపు. నేను పెళ్లయి వచ్చేనాటికి అత్తవారింట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు. నేనేమో శ్రీకాకుళం టౌన్లో పెరిగినదాన్ని. రెట్ట అంటిన గుడ్డు వంటింట్లోకి రావడమే నాకు నచ్చేది కాదు. రోజూ సాయంత్రం కుళాయి కింద పెట్టి పీచుతో రుద్ది, తుడిచి, ఫ్రిజ్ తలుపులో వరసగా పేర్చేదాన్ని. మా అత్త చూసి, "ఏటే అమ్మీ, గుడ్డుకి తలంటు పోస్తన్నావా?" అని నవ్వేది. తను మాత్రం కొన్నిటిని అలాగే తీసుకెళ్లి, సన్నటి కొన కిందికి ఉండేలా చోళ్ల కుండలో దోపేది. చోళ్లంటే రాగులే, మా వైపు మాట. ఆ చోళ్లే కదా రేపు అంబలికి మర పట్టించేది అని నాకు లోపల చిరాకు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. ఆ రాత్రి సంగతి ఇక్కడ రాయను, మొదలుపెడితే ఆగదు. తెల్లారి చూస్తే దొడ్లో కొబ్బరిచెట్టు ఒక్కటీ నిలబడి లేదు. కోళ్ల గూడు మీద పనస కొమ్మ. రెండు పెట్టలు పోయాయి, మిగిలినవి పొయ్యి పక్కన ముడుచుకుని కూర్చున్నాయి. కరెంటు స్తంభాలు వాలిపోయి, మాకు కరెంటు వచ్చేసరికి రెండు వారాలు దాటింది.

ఆరో రోజనుకుంటా, కూరగాయలు లేక పిల్లలకి గుడ్లు వండుదామని ఫ్రిజ్ తలుపు తీశాను. పెంకుల మీద చెమట ఆరిన చారలు, అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు. ఒకటి గిన్నె అంచున కొట్టానో లేదో, ఆ వాసనకి చిన్నది ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తింది. తెల్లసొన నీళ్లలా, పచ్చగా జారింది. పాతవీ కొత్తవీ కలిసి పద్దెనిమిది ఉంటే పదకొండు గొయ్యి తీసి పూడ్చాను.

అత్త ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. చోళ్ల కుండలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసి బేసిన్లో నీళ్లలో వేసింది. అన్నీ అడుగున పడుకున్నాయి. ఒకటి మాత్రం అడుగునే నిక్కి నిలబడింది. "ఇది పాతది, ఈ పూటే వండీ" అంది. పైకి తేలితే మాత్రం పారెయ్యడమే.

కారణం పెద్ద రహస్యమేం కాదు. పెంకు నిండా కంటికి కనబడనంత సన్నటి రంధ్రాలుంటాయి. పెట్టేటప్పుడే వాటి మీద ఒక పొర వచ్చి ఆరిపోతుంది. మనం రుద్ది కడిగితే ఆ పొర పోతుంది. ఆ తర్వాత ఫ్రిజ్ చల్లదనమే కాపలా. కరెంటు పోయి గుడ్డుకి చెమట పట్టిందా, ఆ తడితోనే మురికి లోపలికి దిగుతుంది. కాస్త రెట్ట ఉంటే పొడిగుడ్డతో తుడవండి, బాగా అంటితే అదే రోజు కడిగి బాగా ఉడికించి తినేయండి. అసలు గూట్లో గడ్డి మారుస్తుంటే ఈ గొడవే ఉండదు.

ఎన్నాళ్లంటారా? నా లెక్కలో చలికాలం రెండు వారాలకి ఢోకా లేదు, మే నెలలో వారం. పుంజు తిరిగే దొడ్డయితే ఎండలకి ఇంకా జాగ్రత్త, ఆ వేడికి పొదగకుండానే లోపల పిల్ల కట్టడం మొదలవుతుంది. పొదుగుకి వేసేవి వారం, పది రోజుల లోపువే వేయండి. ఇరవై ఒక్క రోజులు పాపం పెట్ట సరిగ్గా తిండి కూడా తినకుండా కూర్చుంటుంది, దాని కింద వట్టి గుడ్లు పెట్టడం అన్యాయం.

ఇంకో మాట. విశాఖపట్నంలో మా ఆడపడుచు గోధుమరంగు గుడ్లన్నీ నాటువే అనుకుని ఎక్కువ రేటు పెట్టి కొంటుంది. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, ఫారం కోడి కూడా గోధుమరంగు గుడ్డు పెడుతుంది. చెబితే వినదు. పండక్కి వచ్చినప్పుడు మాత్రం మా గుడ్లు రెండు డజన్లు ఊరికే పట్టుకెళుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు తలుపుల ఫ్రిజ్ ఉంది. గుడ్లు మాత్రం చోళ్ల డబ్బాలోనే. అత్త బొగ్గుతో గీత గీసేది, నేను పెన్సిలుతో తారీకు వేస్తాను. మొన్న చిన్నది ఒకదాని మీద మీసాలు, కళ్లజోడు గీసింది. తారీకు కనబడక నీళ్లలో వేశాను. మీసాలతో సహా మునిగింది.