క్యోటో వెళ్తున్న మా చిట్టికి

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీకు జపాన్‌లోని క్యోటోలో పరిశోధనకి సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదు. మీ అన్నయ్య అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో మూడేసి నెలల చొప్పున రెండు సార్లు వెళ్ళొచ్చాను. చూడాల్సిన గుళ్ళ పట్టిక ఈపాటికి నీ దగ్గర ఉండే ఉంటుంది, అందుకని వాటి జోలికి వెళ్ళను. వీధి గురించి రాస్తాను.

వెళ్ళిన మొదటి వారంలోనే మీ ఇంటి దగ్గర ఒక సందు ఎంచుకో. కారు పట్టనంత ఇరుకైతే మరీ మంచిది. రోజూ పొద్దున్న ఒకే వేళకి అందులోంచి నడువు. మొదటి మూడు రోజులూ శుభ్రంగా ఉందనిపిస్తుంది, అంతే. ఆ తర్వాత ఒక్కొక్కటే కంటికి ఆనతాయి. గుమ్మం పక్కన ఎర్ర బకెట్, నిండా నీళ్ళు. చెక్క ఇళ్ళ ఊరు కదా, నిప్పంటుకుంటే ముందు పరిగెత్తాల్సింది ఇరుగుపొరుగే. గోడ అడుగున జానెడు ఎర్ర చెక్క ద్వారం, గుడి ముందుండే తోరీకి చిన్న రూపు. అక్కడ ఎవరూ తడపకుండా, చెత్త పడెయ్యకుండా. మన ప్రహరీ గోడలకి దేవుళ్ళ బొమ్మల టైల్సు అతికించరూ, అలాగన్నమాట. మలుపులో చిన్న గూడు, అందులో మెళ్ళో ఎర్రగుడ్డ కట్టిన రాతి బొమ్మ. ఆయన జిజో, పిల్లల్ని కాపాడే దేవుడు. మా సందులో ఆయన ముందు పూలు వాడినవి నేనెప్పుడూ చూడలేదు. ఎవరు మారుస్తున్నారో కనిపెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది.

మా పక్కింటి పెద్దావిడే. ఎనభై దాటాయి. రోజూ ఆరున్నరకి తన వాకిలి ఊడ్చి, పొడుగు కాడ గరిటెతో నీళ్ళు చల్లేది. ఆవిడ మణికట్టు తిప్పే తీరు చూస్తే రాజమండ్రిలో మా అమ్మ కళ్ళాపి చల్లడమే కళ్ళకి కట్టేది. ఓ రోజు దగ్గుతూ ఊడుస్తుంటే చూడలేకపోయాను. మర్నాడు ఆవిడకంటే ముందు లేచి, మా వాకిలితో పాటు ఆవిడ వాకిలి కూడా ఈ కొసనుంచి ఆ కొసదాకా ఊడ్చేశాను. సాయంత్రానికి గుడ్డలో చుట్టిన మిఠాయి పెట్టెతో మా గుమ్మంలో నిలబడి, నాలుగు సార్లు వంగి దణ్ణం పెట్టింది. ఆ మర్నాడు నేను లేచేసరికి మా వాకిలి అద్దంలా ఉంది. చీకటితో లేచి ఊడ్చినట్టుంది.

మీ అన్నయ్య ఆఫీసులో ఒక పెద్దాయన విడమరిచి చెప్పాడు. క్యోటోలో పక్కవాళ్ళ హద్దులోకి ఒక్క అడుగు మేర ఊడవాలట. మన హద్దు దగ్గరే చీపురు ఆపేస్తే నీదీ నాదీ అని గీత గీసినట్టు. మొత్తం ఊడ్చేస్తే మీకు చేతకావడం లేదని ఎత్తిచూపినట్టు, పైగా వాళ్ళ నెత్తిన రుణం పెట్టినట్టు. సాయం అనుకుంటూ దగ్గుతున్న మనిషిని చీకట్లో లేపానే అని ఎంత బాధపడ్డానో. ఆ తర్వాత అడుగు మేరే ఊడ్చాను. ఆవిడా మా వైపు అడుగు మేర ఊడ్చేది. రెండు చీపుళ్ళూ కలిసేచోటే మాకు మాటలు కలిశాయి. నాకు వచ్చిన పది జపనీస్ ముక్కలూ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే.

అందుకే చెప్తున్నాను తల్లీ, అక్కడ ఏ పనైనా చేసేముందు ముగ్గురు ఎలా చేస్తున్నారో చూసి అప్పుడు చెయ్యి. చెత్త కూడా అంతే. కాల్చే చెత్తని మున్సిపాలిటీ వాళ్ళు నిర్ణయించిన పసుపు సంచుల్లోనే వెయ్యాలి, 2006 నుంచీ అదే పద్ధతి. వారానికి రెండు రోజులు, పొద్దున్న ఎనిమిదిలోపు. సంచిని అక్కడ చెత్త మీద కప్పే వల కింద పెట్టి, వల అంచు లోపలికి మడిచి మరీ రా. మడవకపోతే కాకులు పీకి సందంతా చిందరవందర చేస్తాయి, అది ఊడ్చేది ఆ ముసలివాళ్ళే.

సిటీ బస్సు వెనక నుంచి ఎక్కి, ముందు నుంచి దిగాలి, డబ్బులు దిగేటప్పుడు. నేనున్నప్పుడు ఊళ్ళో ఎక్కడ దిగినా 230 యెన్లు. డబ్బులు వేసే డబ్బా మిగతా చిల్లర ఇవ్వదు, బస్సు ఆగినప్పుడే నోటు మార్పించుకో. షాపులో డబ్బు చేతికివ్వకు, ముందు చిన్న పళ్ళెం ఉంటుంది.

ఫుట్‌పాత్ మీద చుక్కలూ గీతలూ ఉన్న పసుపు పలకలు కనిపిస్తాయి. మన రైల్వే ప్లాట్‌ఫారాల మీదా ఉన్నాయి కదా, చూపులేనివాళ్ళు కాళ్ళతో దారి తెలుసుకోడానికి. అవి పుట్టింది జపాన్‌లోనే. మియాకే సేయిచి అనే ఆయన ఆలోచన, మొదట వేసింది 1967లో ఒకయామా ఊళ్ళో. సైకిలు కొన్నాక ఎంత తొందరున్నా వాటిమీద నిలపకు.

తిండి విషయంలో కాస్త కష్టపడతావు. ఎండు చేప తురుముతో కాచిన దాషి నీళ్ళు పులుసులో, కూరలో, ఆఖరికి ఉత్త కూరగాయల్లో కూడా పోస్తారు. ప్యాకెట్ల మీద "కత్సువో", అంటే ఆ చేప పేరు, అన్న రాతని గుర్తుపట్టడం మొదటి పాఠంగా నేర్చుకో. వేసవిలో గుండ్రంగా బంతిలా కామో వంకాయలొస్తాయి. కాల్చి పచ్చడి చేసుకో, మన ముళ్ళ వంకాయ రుచి రాదు కానీ కమ్మగా ఉంటుంది. ఇంగువ మాత్రం ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళు.

సాయంత్రాలు కామో నది ఒడ్డుకి వెళ్ళు. నది అన్నానని గోదావరిని ఊహించుకోకు, చాలాచోట్ల మోకాటి లోతే. తకానో నది వచ్చి కలిసేచోట అటునుంచి ఇటుదాకా దాటడానికి రాళ్ళు వేశారు, కొన్ని తాబేళ్ళ ఆకారంలో. సూట్లు వేసుకున్న ఉద్యోగస్థులూ, బడి సంచుల పిల్లలూ వాటిమీదే గెంతుతూ దాటతారు. ఎదురు ఎవరైనా వస్తే తాబేలు మీద ఆగి దారిస్తారు. వంతెన కింద ఎవరో ఒకరు ట్రంపెట్ సాధన చేస్తుంటారు. ఇళ్ళ గోడలు పల్చన, పక్కవాళ్ళకి ఇబ్బంది అని ఇక్కడికొస్తారు. నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే.

ఒక్కటే జాగ్రత్త. గద్ద తన్నుకుపోయినట్టు అంటాం కదా, అది అక్కడ నిజంగా జరుగుతుంది. వెనకనుంచి వస్తుంది, చప్పుడే ఉండదు. నా చేతిలో పులిహోర ముద్ద ఉందని తెలుసు, చెంపకి రెక్క తగిలిందని తెలుసు, చూసుకుంటే చెయ్యి ఖాళీ, వేలిమీద గోరు గీరుకున్న నెత్తురు చార. చెట్టు కిందో వంతెన కిందో కూచుని తిను.

గియోన్ అనే పాత పేట వైపు వెళ్తే గెయికోలూ మైకోలూ, అంటే విందుల్లో ఆటపాటలు ప్రదర్శించే కళాకారిణులూ, వాళ్ళ దగ్గర నేర్చుకునే అమ్మాయిలూ, పనికి వెళ్తూ ఎదురవుతారు. ఫోన్ ఎత్తకు, దారి వదులు. జనం వాళ్ళ వెంటబడీ వెంటబడీ, చివరికి 2024లో అక్కడ కొన్ని సొంత సందుల్లోకి బయటివాళ్ళు రాకూడదని, వస్తే 10,000 యెన్ల జరిమానా అని బోర్డులు పెట్టాల్సి వచ్చింది. ఆడపిల్లని వీధిలో తరిమితే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మేమున్న సందు గుర్తులు మీ అన్నయ్య పంపిస్తాడు. జిజో గూడు దాటాక మూడో ఇల్లు. ఆ పెద్దావిడ ఉందో లేదో తెలియడం లేదు, రెండేళ్ళుగా ఉత్తరం లేదు. ముందు గూట్లో పూలు తాజాగా ఉన్నాయేమో చూసి నాకు రాయి. ఆవిడ కనిపిస్తే చీపురు పట్టుకున్న ఇండియా ఆవిడ అడిగిందని చెప్పు. మీ అమ్మకి ఆత్రేయపురం పూతరేకులు పంపిస్తున్నాను, అందులోంచి రెండే తీసి ఆ పెద్దావిడకి ఇవ్వు. పెట్టె మొత్తం ఇచ్చావంటే మర్నాడే ఇంకో పెట్టె పట్టుకుని మీ ఇంటిదాకా నడిచొస్తుంది.

ఉంటాను,
మీ పెద్దమ్మ