కంటి పరికరాలను జిల్లాలకు తీసుకువెళ్లడానికి ఎలాంటి గట్టి పెట్టె కొనాలి?

మీ ట్రస్టు వారు చిన్న స్లిట్ ల్యాంపును (సన్నటి వెలుగు చీలికతో కంటిని పరీక్షించే పరికరం), చేత్తో పట్టుకునే ఫండస్ కెమెరాను (కంటి లోపలి వెనుక భాగాన్ని ఫోటో తీసేది) హైదరాబాద్ నుంచి జిల్లాల్లోని కంటి శిబిరాలకు ఎక్కువగా బొలెరోలోనూ, ఏడాదికి ఒకటి రెండుసార్లు విమానంలోనూ తీసుకువెళ్లాల్సి ఉందని, అందుకు విదేశీ ప్లాస్టిక్ పెట్టె కొనాలా, ఇక్కడే ప్లైవుడ్‌తో చేయించుకోవాలా అని అడిగారు. నేను ఇలాంటి పరికరాల మరమ్మతులో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, నేను చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

మొదటిసారి, రేపు ఇంకో పరికరం వస్తే అదీ పడుతుంది కదా అన్న ఆశతో అవసరానికి మించి ఒక సైజు పెద్ద పెట్టె తీసుకుని, మిగిలిన ఖాళీలో తువ్వాళ్లు కుక్కాను. కొడంగల్ దాటాక మట్టి రోడ్డు మీద ఆ తువ్వాళ్లు అణిగిపోయాయి. శిబిరంలో మూత తీసి చూస్తే పెట్టె మీద గీత పడలేదు, ఒక్క అద్దమూ పగలలేదు, కానీ ల్యాంపు వెలిగిస్తే సన్నటి వెలుగు చీలిక ఒక పక్కకు ఒరిగి పడుతోంది. విప్పి చూస్తే దాన్ని పట్టి ఉంచే మూడు మరల్లో రెండు వదులయ్యాయి, మూడోది తువ్వాలు మడతలో దొరికింది. పెట్టె ఎత్తు నుంచి కింద పడటం ఎప్పుడో ఒకసారి జరిగే సంగతి, నాలుగు గంటల పాటు ఆగకుండా అదరడం మాత్రం ప్రతి ప్రయాణంలోనూ ఉంటుంది; ఆ అదురును ఆపేది లోపలి ఫోమే తప్ప పైపెంకు కాదు.

కాబట్టి ముందు పరికరాన్ని కొలిచి, చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల ఫోమ్ పట్టేలా లెక్క వేసుకుని, ఆ తర్వాతే పెట్టె సైజు నిర్ణయించండి. చాలా పెట్టెలతో చిన్న చిన్న ఘనాలుగా చేత్తో తుంచుకునే మెత్తటి ఫోమ్ వస్తుంది. కెమెరాకు అది సరిపోతుంది కానీ, బరువైన ల్యాంపు చిన్న అడుగు మీద నిలబడినప్పుడు పూర్తిగా అణిగిపోయి చెక్కబల్లతో సమానమవుతుంది. అలాగని తేలికైన కెమెరాను మరీ గట్టి ఫోమ్‌లో పెడితే అది అసలు అణగదు, దెబ్బంతా కెమెరాకే తగులుతుంది. నేను ల్యాంపుకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఈపీఈ (పాలిథిలిన్‌తో చేసిన గట్టి ఫోమ్) షీట్లు కొని, కాగితం మీద పరికరం ఆకారం గీసి, కొత్త కట్టర్ బ్లేడుతో పొరలు పొరలుగా కోసి అతికించుకున్నాను. ఒక ఆదివారం పోయింది, వేళ్లకు రెండు చోట్ల తెగింది, అయినా ఆ ఫోమ్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మెత్తటి పాలీయురిథేన్ స్పాంజి మాత్రం మన ఎండకూ తేమకూ కొన్నేళ్లకే పొడిపొడిగా రాలి లెన్సులకు అంటుకుంటుంది. ల్యాంపు బరువు ఎట్టి పరిస్థితిలోనూ జాయ్‌స్టిక్ (ల్యాంపును అటూ ఇటూ కదిపే చేతికర్ర) మీద పడకూడదు. గడ్డం ఆనించే భాగాన్ని విప్పి వేరే గుంటలో పెట్టి, లాక్ మరలన్నీ బిగించాకే మూత వేయాలి. ఆ తర్వాత పెట్టెను ఎత్తి చెవి దగ్గర కుదిపితే లోపల ఏ చప్పుడూ వినిపించకూడదు.

ఇక పెట్టె సంగతి. అల్యూమినియం పట్టీలు కొట్టిన ప్లైవుడ్ ఫ్లైట్ కేసు ఒకదాని మీద ఒకటి పేర్చడానికి చాలా గట్టిది, కానీ బరువు ఎక్కువ, సందుల్లోంచి దుమ్ము దూరుతుంది. మీ పనికి రబ్బరు పట్టీ ఉన్న ప్లాస్టిక్ పెట్టే మేలని నా అభిప్రాయం, అది విదేశీదే కావాలన్న నియమమేమీ లేదు. ఐపీ67 అని రాసి ఉంటే దుమ్ము లోపలికి పోదనీ, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తడవదనీ అర్థం. నమ్మకం కుదరకపోతే లోపల టిష్యూ కాగితం, ఇటుకలు పెట్టి నీళ్ల డ్రమ్ములో ముంచి చూడండి.

పెట్టె లోపలి, బయటి గాలి ఒత్తిడిని సమం చేసే గాలి వాల్వు ఉందో లేదో తప్పక చూసుకోండి. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో ఒకసారి వాల్వు లేని పెట్టెను బిగించి విశాఖపట్నం తీసుకువస్తే, ఇద్దరం కలిసి లాగినా మూత రాలేదు. ఉష్ణోగ్రత తేడాను పక్కన పెట్టి లెక్క వేస్తే, నలభై సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు ఉన్న మూత మీద బయటి గాలి వంద కిలోలకు పైగా బరువుతో నొక్కుతున్నట్టు. చివరికి రబ్బరు పట్టీ కిందికి పలుచటి స్కేలు దూరిస్తే, బుస్సుమని గాలి లోపలికి పోయాక గానీ తెరుచుకోలేదు.

విమానంలో దేశీయ ప్రయాణానికి క్యాబిన్ బ్యాగు సాధారణంగా 7 కిలోలకు మించకూడదు. పెలికాన్ 1510 లాంటి చక్రాల పెట్టె ఫోమ్‌తో కలిపి ఖాళీగానే దాదాపు 6 కిలోలు తూగుతుంది. అందుకే నేను కెమెరాను మామూలు బ్యాగులో నాతో ఉంచుకుని, ల్యాంపు పెట్టెను చెక్-ఇన్‌లో వేస్తాను. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయకూడదు, వాటిని చేతి బ్యాగులోనే తీసుకువెళ్లాలి.

గాలి చొరబడని పెట్టె లోపలి తేమను కూడా బయటికి పోనివ్వదు. జూలైలో శిబిరం ముగిశాక తడి చేతులతో సర్ది మూత వేసి వారం రోజులు అలా వదిలేస్తే లెన్సుల మీద బూజు పట్టవచ్చు. ఇంటికి రాగానే మూత తీసి ఆరనివ్వండి, లోపల తేమను పీల్చే సిలికా జెల్ సంచి ఉంచండి. అందులోని నీలం గింజలు గులాబీ రంగుకు మారితే ఓవెన్‌లో వేడి చేసి, మళ్లీ నీలంగా మారాక వాడుకోవచ్చు.