ఏబీఎస్ లైటు ఆరకపోతే యూనిట్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: నా స్కూటరు ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నాయి. ముందు టైరు మార్పించిన మర్నాటి నుంచి మీటరులో ఏబీఎస్ లైటు ఆరడం లేదు. బ్రేకు మాత్రం మామూలుగానే పడుతోంది. ఏబీఎస్ యూనిట్ పోయిందని, మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చక తప్పదా? అంతవరకు బండి నడపవచ్చా?

జవాబు: టైరు మార్చిన మర్నాడే లైటు వెలిగిందంటే అనుమానించాల్సింది ముందు చక్రం దగ్గర జరిగిన పనిని. యూనిట్ సంగతి చివరికి వదిలిపెట్టండి.

ఏబీఎస్ తనంతట తాను బ్రేకు వేయదు. మీరు వేసిన బ్రేకుకు చక్రం బిగుసుకుపోయి జారబోతున్న క్షణంలో ఆ పట్టును కాస్త సడలించి, వెంటనే మళ్లీ పట్టిస్తుంది. ఇందుకు చక్రం ఎంత వేగంతో తిరుగుతున్నదో దానికి ఎప్పటికప్పుడు తెలియాలి. డిస్క్ పక్కనే పళ్లో కంతలో ఉన్న చిన్న రింగు ఒకటి చక్రంతో పాటు తిరుగుతుంటుంది. దానికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఎడంలో సెన్సర్ కదలకుండా ఉంటుంది. ఆ సంకేతం రాకపోయినా, తడబడుతూ వచ్చినా ఏబీఎస్ తనను తాను ఆపేసుకుని లైటు వెలిగిస్తుంది. అప్పుడు మీ చేతిలో మిగిలేది ఏబీఎస్ లేని మామూలు డిస్క్ బ్రేకు. లివరు గట్టిగా, ఎప్పటిలాగే ఉంటే బండి నడపవచ్చు. తడి రోడ్డు మీదా, ఇసుక మీదా గట్టిగా పట్టారంటే మాత్రం చక్రం జారుతుంది.

ముందు చక్రాన్ని నేలకు ఆనకుండా లేపి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ రింగుకూ సెన్సర్‌కూ మధ్య సందును ఒక పూర్తి చుట్టు చూడండి. సందు ఒకచోట తగ్గి మరొకచోట పెరుగుతుంటే రింగు వంగినట్టే. చక్రం విప్పాక డిస్క్ వైపు కిందికి పెట్టి నేల మీద పడుకోబెట్టి, పైనుంచి టైరు తొక్కితే జరిగేది ఇదే. సందు అంతటా ఒకేలా ఉన్నా మరీ ఎక్కువగా కనిపిస్తే, ఇరుసుకు ఇరువైపులా తొడిగే గొట్టం ముక్కలు (కాలర్లు) తారుమారయ్యాయేమో, సెన్సర్ స్క్రూ వదులుగా ఉందేమో చూడాలి. ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలుచని రేకులతో) కొలిచి, ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతతో సరిపోల్చాలి. సెన్సర్ కొనకు ఇనుప రజను అంటుకుంటే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ తర్వాత సెన్సర్ వైరును వెతుక్కుంటూ పైదాకా వెళ్లి, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు అది ఎక్కడైనా లాగుతున్నదా, నలిగిందా, కనెక్టర్‌లో నీరు చేరిందా అన్నది గమనించండి. ఏబీఎస్ ఫ్యూజులు, బ్యాటరీ వోల్టేజి, కొత్త టైరు సైజు కూడా చూడదగ్గవే.

ఇవన్నీ సరిగానే ఉంటే అప్పుడు బండికి స్కానర్ పెట్టించి, ఏబీఎస్ తనలో నమోదు చేసుకున్న లోపం గుర్తును (ఫాల్ట్ కోడ్) మీకు చూపించమనండి. ముందు చక్రం సెన్సర్ అని కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సరే పోయిందనుకోనక్కర్లేదు. రింగు వంగినా, సందు పెరిగినా, వైరు తెగినా చాలా బండ్లలో అదే కోడ్ వస్తుంది. కోడ్ చదవకుండానే యూనిట్ మార్చమనే సలహాను నేనైతే ఒప్పుకోను.

తాళం తిప్పగానే ఈ లైటు వెలగడం, బండి కదిలి కొద్దిపాటి వేగం అందుకున్నాక ఆరడం సహజం. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోయినా లోపమే. రెండు చక్రాలకూ సెన్సర్లున్న బండిని సెంటర్ స్టాండ్ మీద ఉంచి యాక్సిలరేటర్ ఇస్తే, వెనుక చక్రం ఒక్కటే తిరగడం వల్ల కూడా లైటు వెలగవచ్చు. తాళం కట్టేసి, మళ్లీ తిప్పి కొంత దూరం నడిపితే ఆరిపోతుంది.

ప్రశ్న: ముందు బ్రేకు లివరు గ్రిప్ దాకా వచ్చేస్తోంది. రెండు మూడుసార్లు గబగబా నొక్కితే గట్టిపడుతోంది. ఏబీఎస్ లైటు వెలగడం లేదు కనుక ఫర్వాలేదంటారా?

జవాబు: ఫర్వాలేదనడానికి వీల్లేదు. ఆ లైటు ఏబీఎస్ లోపాలను చెబుతుందే తప్ప మీ బ్రేక్ ఆయిల్ పైపులో గాలి చేరిందని చెప్పదు. బాగయ్యేదాకా బండి తీయకండి.

పదే పదే నొక్కితే గట్టిపడే లివరు చాలాసార్లు పైపులో గాలి ఉన్నదనడానికి గుర్తు. లివరును గట్టిగా నొక్కి అలాగే పట్టుకున్నప్పుడు అది మెల్లగా లోపలికి దిగుతూనే ఉంటే, మాస్టర్ సిలిండర్ (లివరు నొక్కితే ఆయిల్‌ను పైపులోకి తోసే భాగం) లోపలి సీల్ అరిగిందో, ఎక్కడో ఆయిల్ కారుతున్నదో చూడాలి. డిస్క్‌ను పట్టి ఆపే ప్యాడ్లు అరిగేకొద్దీ హ్యాండిల్ దగ్గరి బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం సహజంగానే దిగుతుంది కాబట్టి, ప్యాడ్లు చూడకుండా పైనుంచి ఆయిల్ పోసి ఊరుకోవద్దు. ప్యాడ్లు మందంగా ఉన్నా మట్టం తగ్గిందంటే అది కారుతున్నట్టే.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. పొడవైన దిగుడు దారిలో బ్రేకు పట్టుకునే దిగితే పాత ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, లివరు చప్పున మెత్తబడుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. డబ్బా మూత మీద రాసిన రకాన్నే, సీలు తీయని సీసా నుంచి పోయించండి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 ఏబీఎస్ బండ్లకు పనికిరాదు. ఆయిల్ మార్చి గాలి తీసినా లివరు మెత్తగానే ఉంటే, ఏబీఎస్ యూనిట్ లోపల గాలి చిక్కుకుని ఉండవచ్చు. కొన్ని బండ్లలో స్కానర్‌తో లోపలి వాల్వులను కదిలిస్తే గానీ అది బయటికి రాదు.

ప్రశ్న: బ్రేకు వేసినప్పుడు లివరు వేళ్ల కింద టకటకా కొట్టుకుంటోంది. ఏబీఎస్ చెడిందా?

జవాబు: గట్టిగా పట్టినప్పుడు, ముఖ్యంగా జారుడు నేల మీద, అలా కొట్టుకుంటే ఏబీఎస్ పనిచేస్తున్నదని అర్థం, బెదిరి లివరు వదలకండి. నెమ్మదిగా ఆగుతున్నా ప్రతిసారీ కొట్టుకుంటూ, వేగం తగ్గేకొద్దీ ఆ కొట్టుకోవడం కూడా నిదానిస్తుంటే, డిస్క్ వంగిందో, ఒకచోట ఎక్కువ అరిగిందో చూపించండి. డిస్క్ ఎంత మందం దాకా అరగవచ్చో సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది.