స్వస్థత రాని ఇంట్లో ప్రార్థన

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పెళ్లయినప్పటి నుంచి చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాం. మా వారికి మూత్రపిండాలు రెండూ చెడిపోయి ఆరేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. కిడ్నీ మార్పిడికి పేరు నమోదు చేయించుకున్నాం. ఒకసారి అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి పిలుపు వస్తే పరుగున వెళ్లాం. క్రాస్‌మ్యాచ్ పరీక్షలో సరిపడలేదని తెల్లవారేసరికి ఇంటికి పంపించేశారు. ఉపవాస ప్రార్థనలు ఎన్ని చేశామో లెక్కలేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో, ఆ ఏడాదికి దేవుని వాగ్దానంగా ఒక్కొక్కరు తీసుకునే బైబిలు వాక్యపు కార్డులో, మాకు స్వస్థత వాక్యమే వచ్చింది. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడొకరు ఆ ఏడాదే స్వస్థత జరుగుతుందని ప్రవచించారు. ఏమీ జరగలేదు. ఇప్పుడు సంఘంలో కొందరు మా విశ్వాసం చాలలేదనీ, ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉందనీ అంటున్నారు. దేవుడు తమకు చేసిన మేళ్లను అందరూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి బయటికి వెళ్లిపోవాలనిపిస్తుంది. పదో తరగతి చదివే మా అబ్బాయి మొన్న "నాన్న కోసం ఇంకా ప్రార్థన ఎందుకమ్మా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. నేను విశ్వాసం కోల్పోతున్నానా?

– ఒక సోదరి, పెరంబూరు

జవాబు: అమ్మా, ముందుగా మీ మీద మోపిన నిందను దించి పక్కన పెడదాం. పుట్టుగుడ్డివానిని చూసి, పాపం చేసినవాడు వీడా, వీని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగినప్పుడు, యేసు ఆ రెండింటినీ కాదన్నారు. అన్నీ పోగొట్టుకుని రోగంతో కూర్చున్న యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద అతని పక్కన మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచి అతనిలో పాపం వెతకడం మొదలుపెట్టాకనే చెడిపోయారు. చివరి అధ్యాయంలో దేవుని కోపం రగిలింది ఆ వాదించిన స్నేహితుల మీదనే గాని, తాను పుట్టిన దినాన్ని శపించుకున్న యోబు మీద కాదు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని ముమ్మారు వేడుకున్నా అది తొలగలేదు. తన తోటివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని ఆయనే తిమోతికి రాశాడు. ఆ అపొస్తలుని విశ్వాసం చాలలేదని అనడానికి ఎవరికీ నోరు రాదు గదా, మీ విషయంలో మాత్రం ఎలా వస్తోంది?

ప్రవచనం సంగతి కూడా సూటిగానే చెబుతాను. యెహోవా పేరిట ప్రవక్త పలికిన మాట నెరవేరకపోతే అది యెహోవా పలికిన మాట కాదని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చెబుతోంది. అంటే నెరవేరని ప్రవచనానికి జవాబు చెప్పుకోవలసింది చెప్పినవారే గాని విన్నవారు కాదు. వాగ్దాన కార్డులోని వాక్యం దేవుని వాక్యమే, ప్రేమతో చదువుకోండి. అయితే దానిని ఫలానా నెలలో చెల్లే హామీపత్రంగా మీ చేతిలో పెట్టింది మన ఆచారమే గాని లేఖనం కాదు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. అది చివరకు స్తుతిగా మారుతుంది కాబట్టి మన కూడికలలో ధైర్యంగా చదువుతాం. 88వ కీర్తనను మాత్రం దాదాపు ఎవరూ చదవరు, ఎందుకంటే అందులో ఆ మలుపు లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నచోట అది ఆగిపోతుంది. అయినా ఆ కీర్తనను ఎవరూ గ్రంథంలోంచి తీసివేయలేదు, చివర ఒక హల్లెలూయా అతికించలేదు. ఆ కీర్తనకారుడు అంత చీకటిలోనూ "నా రక్షణకర్తయగు దేవా" అని పిలిచే మాట్లాడాడు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తమ గుడారాలలో కూర్చుని దేవుని గురించి సణిగారు; కీర్తనకారులు ఆ ఫిర్యాదునే నేరుగా దేవుని ముందు పెట్టారు. మీరు రాత్రివేళ ఏడుస్తూ ఆయననే నిలదీస్తున్నారంటే ఆయనను విడిచిపెట్టలేదన్నమాట. దానిని విశ్వాసం కోల్పోవడం అని నేను అనలేను, అననివ్వను కూడా.

సాక్ష్యాల సమయంలో బయటికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, అందులో తప్పు లేదు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లకు మాత్రం లోపలికి రండి. అక్కడ ఎవరూ తమ విజయం చెప్పుకోనక్కర లేదు, మనం జ్ఞాపకం చేసుకునేది నలుగగొట్టబడిన శరీరాన్ని. సంఘ పెద్దలకు కూడా ఒక మాట. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి తెలుగు బాప్టిస్టు సంఘాలలో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు 1876–78 కరువులో ఆ మిషన్‌ను నడిపిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర ఏం చేశారో అంతగా చెప్పుకోం. ఇవాళ చెన్నై నడిబొడ్డున పారుతున్న బకింగ్‌హామ్ కాలువలో ఒంగోలు దగ్గరి కొంత భాగం తవ్వకాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపారు. ఆయన ముందు చూసింది వాళ్ల ఆకలిని, విశ్వాసపు కొలతను కాదు. మీ సంఘంలోనూ ఆ పని జరగాలి: వారానికి ఒక్కరోజు మీవారిని డయాలసిస్‌కు తీసుకెళ్లి ఆ నాలుగు గంటలు కూర్చునేవారు ఒకరు, నెలకోసారి మందుల ఖర్చు అడిగి తెలుసుకునేవారు ఒకరు కావాలి. అడగడానికి మొహమాటపడవద్దు. చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయాకు దేవదూత మొదట ప్రసంగం చేయలేదు, రొట్టె, నీళ్లు పెట్టి మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆరేళ్లుగా రోగికి తాగే నీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇల్లాలికి నిద్ర అవసరం. వైద్యం గానీ, మార్పిడి జాబితాలో పేరు గానీ ఎవరి మాట మీదా మానుకోవద్దు.

మీ అబ్బాయికి తెచ్చిపెట్టుకున్న జవాబు చెప్పకండి. "ఎందుకు బాగుకాలేదో నాకూ తెలియదు నాన్నా, నాకూ కోపం వస్తోంది, ఆ కోపంతోనే ఆయనను అడుగుతున్నాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రోగియైన కొడుకును యేసు దగ్గరకు తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. ఆ సగం నమ్మకాన్ని యేసు తిప్పి పంపలేదు, పిల్లవాడిని ముట్టి లేపారు. మీ వాడు కుటుంబ ప్రార్థనలో కొన్నాళ్లు నోరు విప్పకపోయినా బలవంతపెట్టవద్దు, అందరి ముందు మందలించవద్దు. స్కూలు లేని రోజు వాళ్ల నాన్నతో పాటు డయాలసిస్‌కు వెళ్లి పక్కన కూర్చోమని అడిగి చూడండి. తన ప్రశ్నను నాన్ననే అడగాలనిపిస్తే అడగనివ్వండి; దానికి మీకంటే ఆయన దగ్గరే ఎక్కువ జవాబు ఉండవచ్చు.