ఈసీజీ నార్మల్ అన్నారు, మరి సిగరెట్ సంగతి?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తుంటాం. మా నాన్నగారు 52 ఏళ్లకే హార్ట్ ఎటాక్‌తో పోయారు. మొన్న ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. బీపీ మాత్రం రెండుసార్లూ 148/94 ఉంది, కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువట. సిగరెట్లు రోజుకి రెండో మూడో, అంతే. రొయ్యలు తినడం మానేస్తే సరిపోతుందాండీ?

జవాబు: రొయ్యల్ని ఆడిపోసుకోకండి, పాపం! వాటిలో కొలెస్ట్రాల్ ఉన్నమాట నిజమే గానీ, రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు (నెయ్యి, వెన్నలో ఉండే రకం), అది రొయ్యలో బాగా తక్కువ. ఇగురు పెట్టుకుని వారానికి ఒకటి రెండుసార్లు తినండి. నూనెలో తేలేలా వేయించి, పక్కన ఆవకాయ, అప్పడాలు వేసుకుంటేనే చిక్కు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. మన గోదావరి భోజనంలో ఊరగాయ, ఉప్పుచేప కలిస్తే ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది.

నా భయమంతా మీరు ‘అంతే’ అని తేల్చేసిన సిగరెట్ల గురించే. రోజుకి ఒక్కటి కాల్చే మగవాళ్లకి కూడా, ఇరవై కాల్చేవాళ్లకి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. అర్ధరాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే, జనరేటర్ అందుకునేదాకా ఆ టెన్షన్‌లో గట్టు మీద ఒకటి ముట్టిస్తారు చూడండి, అలాంటి వేళకే జేబులో పెట్టె లేకుండా చూసుకోండి.

ఇక ఈసీజీ. అది తీసిన ఆ కాసేపు గుండె ఎలా ఉందో చెబుతుంది, రక్తనాళాల్లో పూడిక మొదలైతే పట్టుకోలేకపోవచ్చు. అది చూసి నిశ్చింతగా ఉండకండి. ఇంట్లో వారం రోజులు పొద్దున, సాయంత్రం బీపీ చూసి రాసుకుని, ఆ కాగితంతో డాక్టరు దగ్గరకి వెళ్లండి. షుగరు కూడా చూపించుకోండి. మాత్ర రాస్తే ‘అలవాటైపోతుంది’ అని వాయిదా వేయొద్దు.

మోటార్‌సైకిల్ మీద చెరువుల చుట్టూ తిరిగితే నడక లెక్కలోకి రాదండోయ్, వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవాలి. బొడ్డు దగ్గర నడుం కొలత 90 సెంటీమీటర్ల లోపుంటే మంచిది.

అన్నట్టు, తండ్రికి 55 లోపే గుండెపోటు వస్తే పిల్లలందరికీ ముప్పు ఎక్కువే. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకీ ఈ పరీక్షలు చేయించండి.