పార్కు స్థలంలో మునిసిపల్ మడిగెలు: దాటిన గడువు కన్నా లేఅవుట్ పటమే ముఖ్యం

ప్రశ్న: మాది తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం. 1990ల నాటి లేఅవుట్‌లో ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్నాం. కాలనీ మధ్యలో పార్కు కోసం వదిలిన స్థలంలో మా నాన్నగారు, ఆయన స్నేహితులు నాటిన వేపచెట్లు ఉండేవి. ఆ స్థలంలో రోడ్డు వైపు మడిగెలు కట్టి అద్దెకివ్వాలని ఎనిమిది నెలల క్రితం మునిసిపల్ కౌన్సిల్ తీర్మానించిందట. పదిహేను రోజుల్లో అభ్యంతరాలు తెలపాలని ఆఫీసు బోర్డు మీద నోటీసు పెట్టారట. మాకెవరికీ తెలియదు. తర్వాత వార్డు మీటింగులో అడిగితే, పార్కు జోలికి ఎవరూ రారని కౌన్సిలర్ అందరి ముందూ మాట ఇచ్చారు. గత నెలలో చెట్లు కొట్టేసి పునాదులు తవ్వారు. అడ్డుపడిన మా అమ్మగారిని కాంట్రాక్టరు మనుషులు నానా మాటలూ అన్నారు. పాత తేదీతో అభ్యంతర పత్రం రాసిస్తే, అది అప్పుడే ఆఫీసుకు అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయిస్తానని ఆఫీసులో తెలిసిన ఒక ఉద్యోగి అంటున్నాడు. కొందరు ఆస్తిపన్ను కట్టడం మానేద్దామంటున్నారు. హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రాకు ఫిర్యాదు చేయవచ్చా? ప్రజల మాట వినని పాలకులను నిలదీయడానికి చట్టంలో దారి లేదా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. అందులో వేపచెట్ల వయసు ఉంది, మీ అమ్మగారికి జరిగిన అవమానం ఉంది, కౌన్సిలర్ ఇచ్చిన మాట ఉంది. మంజూరైన లేఅవుట్ పటంలో ఆ స్థలాన్ని ఏమని చూపించారన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఈ వివాదంలో మీరు గెలిచినా ఓడినా ఆ పటం మీదనే కాబట్టి, మిగిలినవన్నీ పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

భూమిని ప్లాట్లుగా విభజించి అమ్మడానికి అనుమతి కోరేవారు రోడ్లకూ, ప్రజల ఉమ్మడి అవసరాలకూ కొంత స్థలం విడిచిపెట్టాలి. ఇప్పటి నిబంధనల్లో పార్కు లేదా ఖాళీ స్థలం వాటా పది శాతం. అలా విడిచిన స్థలానికి మునిసిపాలిటీ సంరక్షణ బాధ్యత వహిస్తుందే తప్ప, దాన్ని ఆదాయం తెచ్చే సొంత జాగాగా వాడుకునే హక్కు దానికి రాదు. మడిగెల అద్దెను పట్టణాభివృద్ధికే ఖర్చు చేస్తామని అధికారులు చెప్పినా ఈ సూత్రం మారదు. బెంగళూరులో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ఒక ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కట్టుకోవడానికి ఇచ్చినప్పుడు ఆ ప్రాంత నివాసులు కోర్టుకు వెళ్లారు. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది, దాన్ని ప్రశ్నించే హక్కు స్థానిక నివాసులకు ఉందని కూడా స్పష్టంగా తేల్చింది. వైద్యం కూడా ప్రజలకు మేలు చేసేదే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. అద్దె మడిగెల గురించి చెప్పే వాదన అంతకన్నా బలహీనమైనది.

అయితే ఈ తీర్పు మీకు అక్కరకు రావాలంటే, ఆ స్థలం పార్కుగా కేటాయించినదేనని మీరు కాగితం మీద చూపించాలి. మీ కాలనీకి డీటీసీపీ (రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం) మంజూరు చేసిన లేఅవుట్ ఉండి, అందులో ఆ స్థలం పార్కుగానో ఖాళీ స్థలంగానో గుర్తించి ఉండి, దాన్ని మునిసిపాలిటీకో అప్పటి గ్రామ పంచాయతీకో రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా అప్పగించి ఉంటే మీ కేసు బలంగా ఉన్నట్లే. లేఅవుట్‌ను మంజూరు చేసిన అధికారి ప్రమేయం లేకుండా ఒక్క కౌన్సిల్ తీర్మానంతో దాని వినియోగాన్ని మార్చడం కుదరదు. లేఅవుట్ మంజూరై గిఫ్ట్ డీడ్ మాత్రం రాయకపోతే కంగారుపడనక్కర్లేదు. చేత్ రామ్ వశిష్ఠ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, లేఅవుట్‌లో ప్రజల కోసం చూపించిన ఖాళీ స్థలాన్ని అసలు యజమాని కూడా ప్రజల తరఫున ధర్మకర్తగానే పట్టుకొని ఉంటాడు. కానీ అలాంటి చోట అసలు యజమాని వారసులు వచ్చి ఆ స్థలానికి కొత్తగా ప్లాటు నంబరు వేసి అమ్మే ప్రమాదం ఉంటుంది. అందువల్ల సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ సర్వే నంబరుకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, ఇన్నేళ్లలో దాని మీద ఏయే లావాదేవీలు జరిగాయో ఇప్పుడే చూసుకోండి.

మూడో పరిస్థితి మన పట్టణాల్లో చాలా ఎక్కువగా కనిపిస్తుంది. పట్టణం విస్తరించకముందు పంచాయతీ ముద్ర వేసిన పటం ఒకటే ఉంటుంది, దానికి డీటీసీపీ మంజూరు ఉండదు. మీ కాలనీది ఇదే పరిస్థితి అయితే, పార్కు చుట్టూ ఉన్న ప్లాట్ల మొదటి సేల్ డీడ్లు సేకరించండి. వాటి హద్దుల్లో ‘తూర్పు: పార్కు స్థలం’ అనో, ‘పడమర: లేఅవుట్ ఖాళీ స్థలం’ అనో రాసి ఉంటే, భూమి అమ్మిన యజమానే ఆ స్థలాన్ని పార్కుగా ఒప్పుకున్నాడని అర్థం. వివాదం పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందు రిజిస్టరైన కాగితంలోని ఆ ఒక్క వాక్యానికి కోర్టులో ఉన్న విలువ, ఇప్పుడు యాభై మంది సంతకాలతో ఇచ్చే వినతిపత్రానికి ఉండదు. ఇలాంటి కేసుల్లో నేను మొదట అడిగేది ఈ హద్దుల పేజీనే.

ఇక మీరు బాగా బాధపడుతున్న పదిహేను రోజుల గడువు సంగతి. పార్కు వినియోగాన్ని మార్చే అధికారమే కౌన్సిల్‌కు లేనప్పుడు, మీరు గడువులోగా అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఆ తీర్మానానికి అధికారం వచ్చేయదు. ఆఫీసు బోర్డు మీద ఒక కాగితం అతికించి ఊరుకోవడం సరైన నోటీసేనా అన్నది కూడా కోర్టులో అడగవలసిన ప్రశ్నే. కాబట్టి ఆ గడువు దాటడం వల్ల మీ కేసు చచ్చిపోలేదు. దాన్ని నిజంగా చంపగలిగేది ఆ ఉద్యోగి చెప్పిన ఉపాయమే. పాత తేదీతో పత్రం సృష్టించి ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఇరికించడం ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీకి 336వ సెక్షన్, అలా సృష్టించిన పత్రాన్ని అసలుదిగా వాడుకున్నందుకు 340వ సెక్షన్ ఉన్నాయి. పబ్లిక్ రిజిస్టరులాంటి రికార్డునే తారుమారు చేస్తే వర్తించే 337వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ రిజిస్టరులో ముందు వెనుకల నంబర్ల మధ్య మీ పత్రం ఎలా దూరిందో తేల్చడం మునిసిపాలిటీ తరఫు న్యాయవాదికి పెద్ద పని కాదు. అది బయటపడిన రోజున హైకోర్టు మీ పార్కు గురించి వినదు, అబద్ధపు పత్రంతో వచ్చినవారికి ఉపశమనం ఇవ్వబోమని పిటిషన్ కొట్టేస్తుంది. అవసరమే లేని ఒక కాగితం కోసం గెలిచే కేసును పోగొట్టుకొని, పైగా నిందితులుగా నిలబడకండి. ఆ ఉద్యోగికి ఈరోజే వద్దని చెప్పండి.

ఆస్తిపన్ను ఆపేయాలన్న ఆలోచన కూడా మానుకోండి. పన్ను బకాయి పడితే నెలకు రెండు శాతం చొప్పున అపరాధ వడ్డీ మీ మీద పడుతుంది, పార్కుకు ఒరిగేదేమీ ఉండదు. పైగా పన్ను రసీదు మీరు అక్కడి నివాసులని చూపే రుజువు కాబట్టి దాన్ని చేజేతులా వదులుకోకండి. 2024 జూలైలో ఏర్పాటైన హైడ్రా పరిధి హైదరాబాద్ మహానగరం, ఔటర్ రింగ్ రోడ్డు లోపలి ప్రాంతం వరకే కాబట్టి మీ పట్టణం దాని కిందికి రాదు. తవ్విన పునాదులను రాత్రిపూట పూడ్చేద్దామని మీ కాలనీ కుర్రవాళ్లు అనుకుంటుంటే గట్టిగా ఆపండి. ఒక్క గునపం దెబ్బతో ఫిర్యాదుదారులు ప్రజా ఆస్తి ధ్వంసం కేసులో ముద్దాయిలైపోతారు. చెట్ల నరికివేతపై వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అటవీ అధికారికి విడిగా ఫిర్యాదు ఇవ్వండి. పనులు ఎప్పుడు మొదలయ్యాయో నిర్ధారించడానికి ఆ ఫిర్యాదు రసీదు తర్వాత పనికొస్తుంది. మీ అమ్మగారిని దూషించిన విషయం పోలీసులకు ఇవ్వవలసిన వేరే ఫిర్యాదు, దాన్ని పార్కు కేసులో కలపకండి.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మీ కాలనీ సంఘం రిజిస్టరై పదేళ్లు దాటిందని రాశారు. కానీ ఏటా దాఖలు చేయవలసిన సభ్యుల జాబితా ఇవ్వడం ఎప్పుడో మానేశారు, మినిట్స్ పుస్తకం ఎవరి దగ్గర ఉందో మీకే తెలియదు. వార్డు మీటింగులో కౌన్సిలర్ మాట ఇచ్చినప్పుడు దాన్ని రాసి సంతకాలు తీసుకున్నవారు ఒక్కరూ లేరు. అందరి ముందూ అన్నారు కదా అని మీరు ధీమాగా ఉన్నారు, కానీ ఆ మాటకు చట్టం దృష్టిలో ఉనికి లేదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను రాజ్యాంగంలోకి తెచ్చింది. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు అనే నాలుగు కమిటీలు ఉండాలని చెబుతోంది. మీ వార్డులో ఆ కమిటీలు వేశారా, వేస్తే అందులో ఎవరున్నారు అన్న ప్రశ్నకు మీ నాలుగు పేజీల్లో జవాబు లేదు. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద రైతులు చేసిన ఆందోళన మీకు గుర్తుండే ఉంటుంది. వారు రోడ్డెక్కడంతో ఆగలేదు, రాతపూర్వక అభ్యంతరాలు ఇచ్చారు, కొందరు హైకోర్టుకూ వెళ్లారు. ఆ నెలలోనే కామారెడ్డి కౌన్సిలూ, అలాంటి నిరసనే ఎదుర్కొన్న జగిత్యాల కౌన్సిలూ తమ ముసాయిదాలను రద్దు చేయాలని తీర్మానించాయి. మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో నెలల తరబడి నడిచిన చర్చలో సగం శ్రద్ధ ఒక్క అర్జీ మీద పెట్టి, దానికి రసీదు తీసుకొని ఉంటే పునాదులు తవ్వేదాకా వచ్చేది కాదు.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాను. మునిసిపల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మంజూరైన లేఅవుట్ పటం, గిఫ్ట్ డీడ్, కౌన్సిల్ తీర్మానం, దాని ఎజెండా, అభ్యంతరాల నోటీసు, దాన్ని ఎక్కడెక్కడ ప్రకటించారన్న రికార్డు, టెండరు పత్రాలు, పని ఉత్తర్వు కోరండి. ‘ఎందుకు కట్టారు’, ‘ఎవరి అనుమతితో కట్టారు’ అంటూ ప్రశ్నలు వేయకండి, పత్రాల పేర్లు రాసి ధ్రువీకరించిన నకళ్లు అడగండి. ఫైలును, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఆ చట్టమే ఇస్తుంది కాబట్టి తనిఖీకి తేదీ ఇవ్వమని అదే దరఖాస్తులో కోరండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు, దాని తర్వాత తొంభై రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. లేఅవుట్ పటం కోసం డీటీసీపీ కార్యాలయానికి విడిగా మరో దరఖాస్తు పెట్టండి. మునిసిపాలిటీలో ఫైలు కనిపించలేదన్న జవాబు వచ్చినప్పుడు అక్కడి నకలే మిమ్మల్ని కాపాడుతుంది. పునాదుల ఫొటోలు తీసిన ఫోనును మార్చకండి, అందులోని ఫొటోలు చెరిపేయకండి. ఎలక్ట్రానిక్ రుజువును దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటోకు అలాంటి సర్టిఫికెట్ ఇవ్వడం కష్టమవుతుంది.

కాలం గురించి జాగ్రత్త పడండి. తీర్మానం చెల్లదని ప్రకటించమని సివిల్ దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది, కాబట్టి మీకు సమయం ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ప్రభుత్వాన్ని ప్రతివాదిగా చేరిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అత్యవసరమని కోర్టు అనుమతిస్తేనే అది లేకుండా దావా వేయవచ్చు. మీకు తగిన దారి రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్. రిట్‌కు లిమిటేషన్ చట్టం నిర్దిష్టమైన గడువు పెట్టలేదు. అయినా కారణం లేని ఆలస్యాన్ని హైకోర్టు క్షమించదు. గోడలు లేచి, మడిగెలు వేలం వేసి, అద్దెదారులు అడ్వాన్సులు కట్టి షట్టర్లు తెరిచాక మీరు వెళితే, ఇన్నాళ్లూ ఎక్కడున్నారన్న ప్రశ్నకు మీ దగ్గర సమాధానం ఉండదు. పునాదుల దశలో వెళితే యథాతథ స్థితి ఉత్తర్వు అడగడానికి బలం ఉంటుంది. సంఘం పత్రాలు సరిగా లేవు కాబట్టి సంఘం పేరుతో కాకుండా, పార్కును ఆనుకున్న ప్లాట్ల యజమానులు ముగ్గురో నలుగురో సొంత పేర్లతో పిటిషనర్లుగా నిలబడండి.

అంతకుముందు ఒక అర్జీ తప్పనిసరి. మునిసిపల్ కమిషనర్‌కూ, వచ్చే సోమవారం ప్రజావాణిలో జిల్లా కలెక్టర్‌కూ ఒకే అర్జీ ఇచ్చి, పనులు వెంటనే నిలిపివేయాలని, లేఅవుట్ పటం ప్రకారం స్థలాన్ని పార్కుగా పునరుద్ధరించాలని కోరండి. సేల్ డీడ్ హద్దుల పేజీ నకలు జతచేసి, తేదీతో రసీదు తీసుకోండి. వారం రోజులు చూడండి, ఈలోగా పని ఆగకపోతే సమాచార హక్కు జవాబు కోసం ఆగవద్దు. చేతిలో ఉన్న సేల్ డీడ్లు, అర్జీ రసీదులు, ఫొటోలతోనే రిట్ వేయించి, లేఅవుట్ ఫైలును, తీర్మానం అసలు ప్రతిని కోర్టు ముందుకు తెప్పించమని పిటిషన్‌లోనే కోరమని మీ న్యాయవాదికి చెప్పండి.