ఉప్పు లారీ మా వీధికి ఎందుకు రాదు?

ఈ నెల చోటంతా ఇంగ్లండ్‌లో ఉంటున్న మన పాఠకుల ఉత్తరాలకే ఇచ్చాం. వీధిలో గడ్డకట్టిన మంచు, ఊరి నడిబొడ్డున మూతపడ్డ షాపులు, అమ్మకానికి వచ్చిన పార్కు స్థలం... సంగతులు వేరైనా అందరూ అడిగేది ఒకటే: ఇవన్నీ చూడాల్సిన కౌన్సిల్‌ను (మన మున్సిపాలిటీ లాంటిది) ఎవరు చూస్తున్నారు, మేం అడిగితే వింటారా అని. వింటారు, కాకపోతే పని అయిపోయాక అడిగితే సారీ చెప్పి ఊరుకుంటారు. నిర్ణయం జరగకముందు అడిగితేనే ఫలితం ఉంటుంది. అందుకే ప్రతి జవాబులోనూ ఎవరిని అడగాలో చెప్పడంతో పాటు ఎప్పుడు అడగాలో కూడా చెప్తున్నాను.

ప్రశ్న: మేం హైదరాబాద్ నుంచి ఉత్తర ఇంగ్లండ్‌కి వచ్చాం, పోయినది మాకు రెండో చలికాలం. జనవరిలో మా వీధంతా గాజు పరిచినట్టు అయిపోయింది. మావారు పొద్దున్నే బస్టాప్‌కి వెళ్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మెయిన్ రోడ్డు మీద ఐస్ కరగడానికి రోజూ ఉప్పు చల్లారు, మా వీధిలోకి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. కౌన్సిల్ టాక్స్ మేమూ కడుతున్నాం కదా! నష్టపరిహారం అడగొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీవారి చెయ్యి ఇప్పటికి పూర్తిగా నయమై ఉంటుందని ఆశిస్తున్నాను. అడగొచ్చు, కానీ గెలవడం కష్టం. ఎందుకో చెప్తాను.

రోడ్లను బాగా ఉంచాల్సిన బాధ్యత కౌన్సిల్‌దేనని 1980 నాటి హైవేస్ యాక్ట్ చెప్తుంది. అయితే కారు ఐస్ మీద జారి ఒకాయన తీవ్రంగా గాయపడితే, ఈస్ట్ ససెక్స్ కౌంటీ కౌన్సిల్ మీద కేసు నడిచి, 2000లో, అప్పటికి అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. రోడ్డును మరమ్మతులో ఉంచడమంటే దాని మీద ఐస్ పేరుకోకుండా చూడటం కాదని ఆ తీర్పు తేల్చేసింది. అంటే చట్టం ప్రకారం ఉప్పు చల్లే బాధ్యతే లేకుండా పోయింది. అది సరికాదని 2003లో పార్లమెంటు ఆ చట్టంలోని 41వ సెక్షన్‌కి ఒక వాక్యం కలిపింది: మంచు వల్ల గానీ ఐస్ వల్ల గానీ దారిన పోయేవాళ్ళకి ప్రమాదం రాకుండా, సాధ్యమైనంత మేరకు చూడాలని. కథంతా ఆ 'సాధ్యమైనంత మేరకు' దగ్గరే ఉంది. ఏ కౌన్సిల్ దగ్గరా అన్ని వీధులకూ ఒక్క రాత్రిలో ఉప్పు చల్లేన్ని లారీలు ఉండవు, అలా చల్లాలని కోర్టులు కూడా అనవు. ముందుగా ఒక పద్ధతి ప్రకారం ప్లాన్ వేసుకున్నారా, దాని ప్రకారమే నడుచుకున్నారా అని చూస్తాయి. బస్సు రూట్లు, ఆసుపత్రి దారులు, ఎత్తైన రోడ్లు మొదటి వరసలో ఉంటాయి. మీ వీధిలాంటివి, పేవ్‌మెంట్లు చాలా చోట్ల చివర్లో ఉంటాయి, అసలు లిస్టులోనే లేకపోవచ్చు కూడా.

అయినా ఫోటోలు, ఆసుపత్రి కాగితాలు, తేదీ, పడిన చోటు అన్నీ దాచుకోండి. గాయాల కేసులకు మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది. ఆ రోజు చల్లాల్సిన రూట్లో మీ దారి ఉండి కూడా లారీ రాలేదని తెలిస్తే కేసుకి బలం వస్తుంది. ఆ రాత్రి లారీలు ఏయే దారుల్లో తిరిగాయో సమాచార హక్కు కింద అడగండి, 20 పని దినాల్లో చెప్పాలి. ఒక్క మాట, మీది రెండంచెల ప్రాంతమైతే రోడ్లు కౌంటీ కౌన్సిల్‌వి, చెత్త, పార్కులు డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌వి. టాక్స్ బిల్లు పంపే ఆఫీసుకి రాస్తే అది మాది కాదని తిప్పి పంపుతారు. (ఈ రెండంచెలు తీసేసి ఒకే కౌన్సిల్ పెట్టే పని దేశంలో ఇప్పుడు నడుస్తోంది, మీ ఊరికి ఏది వర్తిస్తుందో చూసుకోండి.)

ఇక వచ్చే చలికాలం సంగతి, నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. రోడ్డు ఉపరితలం 1 డిగ్రీకి పడిపోతుందని అంచనా రాగానే లారీలు బయల్దేరతాయి. గడ్డకట్టాక చల్లడం కన్నా ముందే చల్లితే ఉప్పు బాగా పనిచేస్తుంది. ఆ గోధుమరంగు రాతి ఉప్పులో చాలా భాగం చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనుల నుంచి వస్తుంది, అక్కడ ఉప్పు దొరికింది 1844లో. ఉప్పు చల్లితే సరిపోదు, బళ్ళు తిరిగి దాన్ని నలిపితేనే కరుగుతుంది. బళ్ళు తక్కువ తిరిగే మీలాంటి వీధిలో చల్లినా మెల్లగానే పనిచేస్తుంది. అందుకే చిన్న వీధులకు లారీ కన్నా మూలన ఒక గ్రిట్ బిన్, ఆ పసుపు రంగు ఉప్పు పెట్టె, ఎక్కువ ఉపయోగం. దాన్ని అడగాల్సింది జనవరిలో కాదు. వింటర్ ప్లాన్ సాధారణంగా శరదృతువులో కౌన్సిలర్ల ముందుకు వస్తుంది, సెప్టెంబరు, అక్టోబరు మీటింగుల అజెండాలు చూడండి. 2009-10 చలికాలంలో దేశంలో ఉప్పుకే కటకట వచ్చింది. ఆ తర్వాత డేవిడ్ క్వార్మ్‌బీ నాయకత్వంలో జరిగిన సమీక్ష, ప్రతి కౌన్సిలూ 12 రోజుల పాటు 48 ట్రిప్పులకు సరిపడా ఉప్పు నిల్వ పెట్టుకోవాలని సూచించింది. మీ కౌన్సిలర్‌కి రాసేటప్పుడు ఇదొక్కటి అడగండి: ఇప్పుడు మన దగ్గర ఎన్ని ట్రిప్పుల ఉప్పు ఉంది? అంకె అడిగితే అంకె చెప్పక తప్పదు.

ఇంకోటి. ఇంటి ముందు మంచు తీస్తే, ఎవరైనా పడితే మన మీద కేసు వేస్తారని మనవాళ్ళలో ఒక భయం ఉంది. జాగ్రత్తగా తీసినవాళ్ళ మీద కేసు పడే అవకాశం తక్కువని ప్రభుత్వమే చెప్తోంది. వేడినీళ్ళు మాత్రం పోయకండి, అవి మళ్ళీ గడ్డకట్టి ఇంకా నున్నగా తయారవుతాయి. చదరపు మీటరుకు ఒక పెద్ద చెంచా వంటింటి ఉప్పు చాలు.

ప్రశ్న: మా టౌన్ సెంటర్‌లో పెద్ద షాపులు పోయి సగం షట్టర్లు దించి ఉన్నాయి. పైన ఆఫీసులన్నీ ఫ్లాట్లు అయిపోతున్నాయి. నాలుగు నెలల క్రితం ఒక ఆఫీసు బిల్డింగ్‌ను ఫ్లాట్లు చేస్తున్నారని తెలిసి అభ్యంతరం రాస్తే, 'మేం చూడగలిగింది కొంతే' అని జవాబు వచ్చింది. మరి కట్టడాల అనుమతులు చూసే ప్లానింగ్ కమిటీ ఎందుకు?
- ఒక ఐటీ ఉద్యోగి

జవాబు: మీకు వచ్చిన జవాబు నిజమే, బాధ కలిగించేదే అయినా. 2020 సెప్టెంబరు 1 నుంచి షాపు, కేఫ్, ఆఫీసు, జిమ్, క్లినిక్ అన్నీ క్లాస్ ఈ అనే ఒకే గొడుగు కిందకు వచ్చాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. 2021 ఆగస్టు నుంచి వాటిని ఇళ్ళుగా మార్చడానికి కూడా పూర్తి స్థాయి పర్మిషన్ అవసరం లేకుండా పోయింది. ట్రాఫిక్, వరద ముప్పు, శబ్దం, గదుల్లోకి వెలుతురు లాంటివి కొన్ని మాత్రమే కౌన్సిల్ చూడగలదు. మొదట్లో 1,500 చదరపు మీటర్ల పరిమితి ఉండేది, 2024 మార్చిలో అదీ తీసేశారు. పర్మిషన్ల బాదరబందీ తగ్గితే ఖాళీ భవనాలు త్వరగా నిండుతాయని ప్రభుత్వం వాదన. కొంత నిజమే, కానీ ఊరి వీధి ఎలా ఉండాలో ఆ ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకునే అవకాశం పోయింది, అది నాకు నచ్చలేదు.

ఇప్పటికీ చేతిలో ఉన్నవి రెండు. ఒకటి ఆర్టికల్ 4 డైరెక్షన్. ఫలానా వీధిలో ఈ సడలింపు చెల్లదని, పర్మిషన్ తీసుకోవాల్సిందేనని కౌన్సిల్ ప్రకటించవచ్చు. రెండోది కొత్తది. 2024 డిసెంబరు 2 నుంచి, రెండేళ్ళలో 365 రోజులు ఖాళీగా పడి ఉన్న షాపును యజమాని ఒప్పుకోకపోయినా వేలం వేసి, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా అద్దెకు ఇప్పించే అధికారం కౌన్సిళ్ళకు వచ్చింది. వాడాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. వాడమని అడిగేవాళ్ళు లేకపోతే వాడరు.

అన్నిటికన్నా పెద్దది లోకల్ ప్లాన్, అంటే ఊళ్ళో ఎక్కడ ఏం కట్టొచ్చో కౌన్సిల్ ముందుగా రాసుకునే ప్రణాళిక. 2004 చట్టం ప్రకారం ప్రతి దరఖాస్తునూ, గట్టి కారణం ఉంటే తప్ప, ఆ ప్లాన్‌కి అనుగుణంగానే తేల్చాలి. అంటే అసలు నిర్ణయం దరఖాస్తు రావడానికి ఏళ్ళ ముందే జరిగిపోతుంది. ఆ ప్లాన్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు రాసేవాళ్ళు చాలా తక్కువ, పక్క బిల్డింగ్ లేస్తున్నప్పుడు మాత్రం వందల మంది రాస్తారు. మామూలు దరఖాస్తుకి రాయాల్సి వస్తే 21 రోజుల్లో రాయండి. ఇంటి ధర పడిపోతుంది, కిటికీలోంచి వ్యూ పోతుంది లాంటివి లెక్కలోకి రావు. నీడ పడటం, పార్కింగ్, శబ్దం, ప్లాన్‌లోని ఫలానా పాలసీకి విరుద్ధం కావడం లెక్కలోకి వస్తాయి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన లెటర్‌ను అలాగే వంద మంది పంపే బదులు, మీ సొంత మాటల్లో ఒక్కటి రాయండి.

ప్రశ్న: వరంగల్ నుంచి మా అమ్మాయి దగ్గరకు వచ్చిన రిటైర్డ్ ఉద్యోగిని. ఇక్కడి కౌన్సిల్ స్క్రూటినీ కమిటీ మీటింగ్‌కి వెళ్ళి కూర్చున్నాను, ఎవరూ ఆపలేదు, ఆశ్చర్యం వేసింది. అధికారులను బాగానే ప్రశ్నించారు. కానీ చివరికి ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. వీళ్ళకి నిజంగా అధికారం ఉందా?
- ఒక పెద్దాయన

జవాబు: నమస్కారమండీ, మీటింగ్‌కి వెళ్ళినందుకు చాలా సంతోషం. మిమ్మల్ని ఎవరూ ఆపకపోవడానికి కారణం, మీటింగులకు ప్రజలను రానివ్వాలనే 1960 నాటి ఒక చట్టం. కొత్త ఎంపీగా ఉన్న మార్గరెట్ థాచర్ పార్లమెంటులో తన తొలి ప్రసంగం ఆ బిల్లు మీదే చేశారు. 2014 నుంచి ప్రజలు ఆ మీటింగులను వీడియో కూడా తీసుకోవచ్చు. అజెండా కాగితాలు ఐదు పూర్తి పని దినాల ముందే బయటపెట్టాలి.

అధికారం మాటకొస్తే, ఉత్తర్వులిచ్చే అధికారం లేదు. 2000 సంవత్సరపు చట్టంతో చాలా కౌన్సిళ్ళలో నిర్ణయాలన్నీ చిన్న కేబినెట్ చేతికి వెళ్ళాయి, మిగతా కౌన్సిలర్లు దాన్ని నిలదీయడానికి ఈ స్క్రూటినీ కమిటీలు పెట్టారు. కేబినెట్‌లో ఉన్నవాళ్ళు ఇందులో ఉండకూడదు. అధికారులను పిలిచి అడగొచ్చు, సిఫారసు చేయొచ్చు, దానికి రెండు నెలల్లో జవాబు రావాలి. తీసుకున్న నిర్ణయం అమలు కాకముందే వెనక్కి పిలిపించి, మళ్ళీ ఆలోచించమనొచ్చు. అంతే.

అది చాలదని మీకు అనిపిస్తే తప్పు లేదు. సర్రేలోని వోకింగ్‌నే చూడండి. టౌన్ సెంటర్‌ను బాగు చేస్తామని విక్టోరియా స్క్వేర్ పేరుతో ఆకాశాన్నంటే టవర్లు, హోటల్, షాపులు అప్పు తెచ్చి కట్టించారు. 2023 జూన్‌లో ఆ కౌన్సిల్ చేతులెత్తేసింది. ఆ ఏడాదికి చేతిలో ఉన్నది 1 కోటీ 60 లక్షల పౌండ్లు, లోటు 120 కోట్ల పౌండ్లు! సేవలు కోసేశారు, ఆ మరుసటి ఏడాది తన వాటా కౌన్సిల్ టాక్స్‌ను దాదాపు 10 శాతం పెంచుకుంది. కడుతున్నది అక్కడి మామూలు జనం. అప్పు ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే, తీర్చేది ఎలాగో చూపించమని గట్టిగా పట్టుబట్టాల్సింది కౌన్సిలర్లే.

మన దగ్గరా చట్టాలకు కొదవ లేదు, మీకు తెలియనిది కాదు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు అని 15 మందితో నాలుగు కమిటీలు ఉండాలంది, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలంది. ఊరికి వెళ్ళాక మీ వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందో ఒకసారి కనుక్కోండి, మీరే వెళ్ళి కూర్చుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మా పిల్లలు ఆడుకునే పార్కులో ఒక మూల స్థలాన్ని ఇళ్ళ కోసం అమ్మేస్తారట. పార్కు కౌన్సిల్‌దే కాబట్టి ఏమీ చేయలేమని పక్కింటివాళ్ళు అంటున్నారు. నిజమేనా?
- ఒక తల్లి

జవాబు: కాదమ్మా. పార్కులు నడపాలని కౌన్సిళ్ళ మీద చట్టం బలవంతం పెట్టదు, అందుకే డబ్బు తగ్గినప్పుడల్లా మొదటి కోత పార్కులకే పడుతుంది, అది వాస్తవం. కానీ ఉన్న పార్కును అమ్మాలంటే పద్ధతి ఉంది. 1972 చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థానిక పేపర్లో వరసగా రెండు వారాలు ప్రకటన ఇచ్చి, వచ్చిన అభ్యంతరాలు చూడాలి.

ష్రూస్‌బరీలో ఇది జరగలేదు. గ్రీన్‌ఫీల్డ్స్ ఆటస్థలంలో కొంత భాగాన్ని 2017లో టౌన్ కౌన్సిల్ ప్రకటన ఇవ్వకుండా ఒక బిల్డర్‌కి అమ్మింది, మరుసటి ఏడాది అక్కడ 15 ఇళ్ళకు పర్మిషన్ కూడా వచ్చింది. ఒక స్థానికుడు కోర్టుకి వెళ్ళాడు. హైకోర్టులో ఓడిపోయాడు, అప్పీల్ కోర్టులోనూ ఓడిపోయాడు, అయినా వదల్లేదు. 2023 మార్చి 1న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది: ప్రజల ఆటపాటల కోసం ట్రస్టుగా ఉన్న స్థలాన్ని ప్రకటన లేకుండా అమ్మితే, కొన్నవాడి చేతిలో కూడా ఆ ప్రజల హక్కు అలాగే ఉంటుందని. ప్లానింగ్ పర్మిషన్ రద్దయింది. ఈ తీర్పు గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నాకు ధైర్యం వస్తుంది.

మీరు చేయాల్సింది, ఆ స్థలం కౌన్సిల్‌కి ఎప్పుడు, ఏ చట్టం కింద వచ్చిందో రాతపూర్వకంగా అడగడం. 1875 పబ్లిక్ హెల్త్ యాక్ట్ గానీ 1906 ఓపెన్ స్పేసెస్ యాక్ట్ గానీ అయితే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే. పాత మినిట్స్ జిల్లా ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. పేపర్ ప్రకటన కోసం ప్రతి వారం చూడండి, అది చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పర్మిషన్ ఇచ్చేస్తే దాన్ని కోర్టులో సవాలు చేయడానికి ఉండేది ఆరు వారాలే, అందుకని లాయర్ కోసం వెతకడం ఇప్పుడే మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను, ఇండియన్ పాస్‌పోర్ట్. నాకు ఇవన్నీ అడిగే హక్కు ఉందా, లేక సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఆగాలా?
- ఒక పాఠకుడు

జవాబు: ఆగక్కర్లేదు. కౌన్సిలర్‌కి రాయడానికి, మీటింగ్‌కి వెళ్ళడానికి, దరఖాస్తు మీద అభ్యంతరం చెప్పడానికి ఏ దేశం పాస్‌పోర్ట్ అన్నది ఎవరూ అడగరు. అంతే కాదు, భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లే వీసాతో ఇక్కడ నివసిస్తున్న మీకు ఓటు హక్కు కూడా ఉంది, కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా. స్టూడెంట్ వీసా వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది, మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. కౌన్సిలర్‌గా పోటీ చేయాలంటే మాత్రం శాశ్వత నివాస హక్కు ఉండాలి. ఇంగ్లండ్‌లో 2023 మే నుంచి పోలింగ్ బూత్‌లో ఫోటో గుర్తింపు చూపించాలి, దానికి మీ ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. ఓటరుగా పేరు నమోదుకు పోలింగ్‌కి 12 పని దినాల ముందు గడువు ముగుస్తుంది. ఇల్లు మారితే మళ్ళీ నమోదు చేసుకోవాలి, దిగిన వారంలోనే ఆ పని ముగించండి.